ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఒక మజిలీ

(పక్షవాతం వచ్చినవారి కుటుంబాల కోసం, తలకు దెబ్బ తగిలినవారి కుటుంబాల కోసం ఒక గ్రంథాలయ భవనంలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే నిపుణురాలు) ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. ఆపమంటే మీరు నన్ను తిట్టుకుంటారు కాబట్టి నేనే కాస్త గొంతు పెంచుతాను.

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో గానీ, దగ్గరి బంధువుల్లో గానీ పక్షవాతం వచ్చినవారు ఉంటే చేయెత్తండి. దించకండి, చూడనివ్వండి. సగానికి పైనే ఉన్నారు. సరే, రెండో ప్రశ్న. వాళ్లను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి మీకు గుర్తుందా?

ఎవరూ మాట్లాడటం లేదు. నేను చెబుతాను. డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టారు. మందుల చీటీ ఇచ్చారు, బిల్లు ఇచ్చారు, చివర్లో “ఫిజియోథెరపీ చేయించండి” అని ఒక్క ముక్క చెప్పారు. కారులోంచి దింపడానికి నలుగురు మగవాళ్లు వచ్చారు. గడప దగ్గర ఆగారు. ఎలా దాటించాలి? కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. దిష్టి తీశారు. చుట్టాలు వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు. రాత్రి రెండు గంటలకు ఆయన బాత్రూముకు వెళ్లాలన్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది ఎవరు? ఆయన భార్య ఒక్కతే. నలభై అయిదు కిలోల మనిషి డెబ్బై అయిదు కిలోల మనిషిని లేపాలి. ఆయనకు ఒక పక్క పట్టు లేదు. ఆవిడకు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. చంకలో చెయ్యి వేసి లాగుతుంది, ఎందుకంటే అందరూ అలాగే లాగుతారు. పడిపోయిన చేతిని అలా లాగితే భుజం కీలు జారుతుంది. ఇక ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

నేను ఈ రోజు మాట్లాడబోయేది ఆ రాత్రి రెండు గంటల గురించే.

దీనికి పుస్తకాల్లో పునరావాసం అంటారు. ఆ మాట వింటే మనకు ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊళ్లు గుర్తొస్తాయి, నిర్వాసితుల కాలనీలు గుర్తొస్తాయి. ఆలోచిస్తే పోలిక మరీ తప్పేమీ కాదు. నిన్నటిదాకా చీకట్లో లేచి నీళ్ల చెంబు అందుకున్న మనిషి, ఇవాళ తన చెయ్యి దుప్పటి కింద ఉందో పైన ఉందో చూసుకుంటే తప్ప చెప్పలేడు. సొంత ఒంట్లోనే నిర్వాసితుడు. అయినా నాకు మజిలీ అన్న మాట ఎక్కువ ఇష్టం. పూర్వం బళ్ల మీద ప్రయాణం చేసేవాళ్లు ఒక్క ఊపున ఊరు చేరేవాళ్లు కాదు. మధ్యలో సత్రంలో దిగేవాళ్లు. ఎడ్లకు గడ్డి వేసి, వండుకుని తిని, ఇరుసుకు కందెన పూసి, తెల్లవారి మళ్లీ బండి కట్టేవాళ్లు. సత్రంలో ఎవరూ కాపురం పెట్టరు. నేను పనిచేసే పునరావాస కేంద్రమూ అంతే. రోగులు నాలుగు వారాలో, ఎనిమిది వారాలో, కొందరికి మూడు నెలలో ఉంటారు. ప్రాణానికి ముప్పు తప్పింది, ఇంకా ఇల్లు మోయగలిగే స్థితి లేదు, ఈ రెండింటికీ మధ్య ఉండే చోటు.

“ఇంటికే ఫిజియోథెరపిస్టు వస్తున్నాడు కదమ్మా, చాలదా?” అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆయన ఎంతసేపు ఉంటాడు? ముప్పావు గంట. పోనీ, గంటే అనుకోండి. మిగిలిన ఇరవై మూడు గంటలు? మిగిలిన ఇరవై మూడు గంటలు మనిషి మంచం మీద ఉంటాడు, అన్నీ మంచం దగ్గరికే వస్తాయి. కాఫీ మంచం దగ్గరికి, అన్నం మంచం దగ్గరికి, టీవీ రిమోటు చేతిలోకి. మనవాళ్లకు ప్రేమ ఎక్కువ. చేయనివ్వరు. మెదడు చేసే పనులను బట్టి నేర్చుకుంటుంది. గంటసేపు చెయ్యి ఎత్తడం నేర్చుకుంటుంది, ఇరవై మూడు గంటలు చెయ్యి ఎత్తకుండా ఉండటం నేర్చుకుంటుంది. ఏది గెలుస్తుంది?

వాడకపోవడం కూడా ఒక అలవాటే. ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ సంగతి మీదే ఒక చికిత్స కట్టాడు. బాగున్న చేతికి తొడుగు వేసి, మేలుకుని ఉన్న సమయమంతా దాదాపుగా అది పనికి రాకుండా చేసి, రెండు వారాలపాటు రోజుకు గంటల కొద్దీ బలహీనమైన చేతితోనే పనులు చేయించడం. అందరికీ కుదరదు, వేళ్లలో కొంతైనా కదలిక ఉండాలి. కాని అసలు సూత్రం చూడండి. చేతికి శక్తి లేకపోవడం ఒక్కటే కారణం కాదు, ఆ చేతిని మనిషి పక్కన పెట్టేయడం కూడా కారణమే.

కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువ. ఆరు నెలలదాకా బాగానే సాగుతుంది. తరువాత నెమ్మదిస్తుంది, ఆగదు. ఆ మొదటి మూడు నెలలు మనం ఏం చేస్తున్నాం? విశ్రాంతి ఇప్పిస్తున్నాం. నూనె రాయిస్తున్నాం. పావురం రక్తం రాస్తే నయమవుతుందని ఎవరో చెబితే అదీ చేస్తున్నాం. నేను కోప్పడటం లేదు, కష్టంలో ఉన్నవాళ్లు ఏ చెట్టుకైనా మొక్కుతారు. కాని నాటు మందు మొదలుపెట్టి రక్తపోటు మాత్రలు ఆపేస్తారు చూడండి, అక్కడ మాత్రం నాకు కోపం వస్తుంది. రెండోసారి స్ట్రోక్, అంటే పక్షవాతం, వస్తే మొదటిదాని కంటే కఠినంగా ఉండవచ్చు.

ఇప్పుడు ఒక అన్నం పళ్లెం గురించి చెబుతాను. కాసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

మా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. మెదడులో కుడి వైపు స్ట్రోక్, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట బాగానే ఉంది. మాట బాగుండటమే కాదు, కోడలి మీద ఫిర్యాదులు కూడా బాగానే ఉన్నాయి. “కూర వేయదమ్మా. ఉత్త అన్నం పెట్టి వెళ్లిపోతుంది.” వచ్చిన చుట్టాలందరికీ ఇదే చెప్పింది. కోడలు ఏడుస్తూ వచ్చింది నా దగ్గరికి. భోజనం వేళ వెళ్లి చూశాను. పళ్లెంలో కుడి సగం ఖాళీ. తుడిచినట్టు ఉంది. ఎడమ సగంలో కూర, పచ్చడి, అన్నం ముట్టకుండా ఉన్నాయి. మధ్యలో గీత గీసినట్టు ఉంది. నేను మాట్లాడకుండా పళ్లాన్ని సగం చుట్టు తిప్పాను. ఆవిడ చూసి, “ఇదుగో, ఇప్పుడు వేశారు కూర” అంది.

ఆవిడ అబద్ధం ఆడిందా? లేదు. కళ్లు పనిచేస్తున్నాయి. కాని మెదడు ఎడమ వైపు ఉన్న లోకాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేసింది. ఎడమ చెవి దగ్గర మాట్లాడినా కుడి వైపు చూస్తుంది. జుట్టు కుడి వైపే దువ్వుకుంటుంది. చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్లి ఎడమ వైపు ద్వారబంధానికి కొట్టుకుంటుంది. ఈ సంగతి ఆసుపత్రి మంచం మీద బయటపడదు, ఎందుకంటే అక్కడ నర్సు తినిపిస్తుంది. ఇంట్లో బయటపడుతుంది. గొడవగా బయటపడుతుంది. అత్తాకోడళ్ల గొడవ అనుకుంటారు, మెదడు గొడవ అని ఎవరూ అనుకోరు.

ఏం చేశాం? పళ్లెం ఎడమ అంచుకు ఎర్ర రిబ్బను అంటించాం. తినే ముందు ఆ ఎర్రటిది కనిపించేదాకా తల తిప్పాలి. కోడలిని ఎప్పుడూ ఎడమ వైపే కూర్చోమన్నాం. మంచినీళ్ల గ్లాసు ఎడమ వైపే. టీవీ ఎడమ వైపే. మా భోజనాల గదిలో వడ్డించేవాళ్లు కూడా ఎడమ వైపు నుంచే రావాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. రోజుకు మూడుసార్లు, నెలకు తొంభైసార్లు. ఇది ఎవరూ గంటసేపు వచ్చి చేసి వెళ్లగలిగే పని కాదు కదా? అదీ నేను చెప్పేది.

ఇంకో పళ్లెం. ఒక లెక్కల మాస్టారు. ఆయనకు తద్విరుద్ధం, ఎడమ మెదడు దెబ్బతింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. మన దేశంలో కుడి చెయ్యి పోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎడమ చేత్తో అన్నం ముట్టుకోడు. నలుగురిలో అసలే ముట్టుకోడు. భార్య ముద్దలు కలిపి పెట్టేది. ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషి నోరు తెరిచి ముద్ద కోసం చూస్తుంటే ఎలా ఉంటుంది? మేము చేసింది చిన్న పని. చెంచా కాడకు సైకిలు హ్యాండిల్ తొడుగు ఎక్కించాం, పట్టు దొరకడానికి. పళ్లెం కింద తడి గుడ్డ వేశాం, జరగకుండా. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం ఇచ్చాం, మెతుకులు బయటికి పోకుండా. పడిపోయిన చేతిని ఒళ్లో దాచుకోనివ్వలేదు, బల్ల మీద పళ్లెం పక్కనే పెట్టించాం. మొదటి వారం సగం అన్నం బల్ల మీదే. అయినా ఎవరూ తుడవడానికి పరుగెత్తలేదు. ఆయన పక్కనా ఎదురుగానూ అలాగే తినేవాళ్లు ఇంకో ఆరుగురు ఉన్నారు. సిగ్గు ఎక్కడ పోయిందో నాకు తెలియదు, పోయింది.

ఆయన మాట సంగతి. నీళ్లు కావాలంటే “కుర్చీ” అనేవాడు. అనేసి, అది కాదని ఆయనకే తెలిసి, నుదురు కొట్టుకునేవాడు. కాని ఎక్కాలు మొదలుపెడితే చాలు, పదమూడో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాడు. తిట్లు కూడా స్పష్టంగా వచ్చేవి, ఇక్కడ వద్దులెండి. ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారు? నటిస్తున్నాడనుకున్నారు. “ఎక్కాలు వచ్చినవాడికి నీళ్లు అనడం రాదా?” రాదు. వరసగా కంఠతా వచ్చినవి, పాట, తిట్టు, ఇవి వచ్చే దారి వేరు. కావలసిన మాటను వెతికి పట్టుకునే దారి వేరు. ఒక దారి తెగింది, రెండోది ఉంది. కేకలేసి మాట్లాడితే తెగిన దారి అతకదు. ఆయనకు చెవుడు లేదు.

ఏ భాషలో మాట్లాడాలని కూడా అడుగుతారు. ఇంట్లో ఏ భాషో ఆ భాష. రెండు భాషలు వస్తే రెండూ. రెండు భాషలు భారం అనుకోకండి. మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో స్ట్రోక్ వచ్చిన 608 మందిని పరిశీలించారు. ఒకే భాష తెలిసినవారిలో ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవారు వందకు ఇరవై మంది ఉంటే, రెండో భాష కూడా తెలిసినవారిలో నలభై మంది ఉన్నారు. మాట పోవడం మాత్రం రెండు జట్లలోనూ ఒకలాగే ఉంది. అది గుర్తుంచుకోండి, లేకపోతే రేపటి నుంచి అందరూ ఫ్రెంచి నేర్చుకుంటామంటారు.

ఇప్పటిదాకా కనిపించే కష్టం చెప్పాను. కనిపించని కష్టం ఇంకొకటి ఉంది. ఇరవై ఆరేళ్ల అబ్బాయి. బైకు మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది. ఎక్కడుంది? మోచేతికి తగిలించి ఉంది. పదకొండు రోజులు స్పృహ లేదు. తరువాత లేచాడు, నడిచాడు, మాట్లాడాడు, డాక్టర్లకు దండం పెట్టాడు. ఇంటికి పంపించారు. మూడు వారాలకు తల్లి ఫోను చేసింది. “అమ్మా, వీడు మా వాడు కాదు” అంది. చిన్న మాటకు గిన్నెలు విసిరేస్తున్నాడు. స్టవ్ వెలిగించి మరిచిపోతున్నాడు. ఎవరు అప్పు అడిగినా ఇచ్చేస్తున్నాడు. అడిగితే “నాకేమైంది, నేను బాగానే ఉన్నాను” అంటున్నాడు. అబద్ధం కాదు, వాడికి నిజంగానే తెలియదు. తన లోపాన్ని తాను చూసుకునే చోటే దెబ్బ తగిలింది.

ఆ తల్లి అన్న మాటే నూట డెబ్బై ఏళ్ల కిందట ఇంకొకరి గురించి అన్నారు. వైద్య విద్యార్థులందరూ చదివే కథ ఇది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలు మార్గం కోసం బండలు పేలుస్తుంటే, మీటరు పైన పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఇనుప గడ్డపార ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ ఎడమ చెంప ఎముక కింద నుంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. బతికాడు. కాని స్నేహితులు “ఇతను గేజ్ కాదు” అన్నారు. పాఠం ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఇది నచ్చదు. తరువాత ఏమైంది? 1852లో అతను దక్షిణ అమెరికాలోని చిలీకి వెళ్లి, ఏడేళ్లపాటు గుర్రపు బండి తోలాడు. ప్రయాణికులతో నిండిన పెద్ద బండి. తెల్లవారుజామున లేవాలి, గుర్రాలను కట్టాలి, మనుషులతో మర్యాదగా ఉండాలి, డబ్బులు లెక్క చూసుకోవాలి. ఎవరి మీద పడితే వారి మీద కేకలేసేవాడు ఏడేళ్లు ఆ పని చేయగలడా? మాల్కమ్ మాక్మిలన్ అనే చరిత్రకారుడు అంటాడు, రోజూ అదే వేళకు అదే వరసలో ఉన్న ఆ పనే గేజ్‌ను మళ్లీ మనుషుల్లో పడేసిందని. పుస్తకాలు మొదటి సగం చదివించి రెండో సగం మరిచిపోయాయి.

బైకు మీద నుంచి పడ్డ మా అబ్బాయికి గుర్రపు బండి దొరకలేదు. టీ ఇచ్చాం. సాయంత్రం నాలుగింటికి ఎనిమిది మందికి టీ పెట్టాలి, రోజూ. మొదటి రోజు పాలు పొయ్యి మీద పెట్టి టీవీ దగ్గరికి వెళ్లాడు. పొంగి స్టవ్ ఆరిపోయింది. దూరం నుంచి చూస్తున్న మా కేంద్రం అమ్మాయి గ్యాసు కట్టేసింది, ఏమీ అనలేదు. వాడే వచ్చి చూశాడు, వాడే తుడిచాడు. “బాగానే ఉన్నాను” అన్నవాడి చేతిలో మాడిన గిన్నె ఉంది. మేము పది మాటలు చెప్పినా లోపలికి వెళ్లనిది ఆ గిన్నె చెప్పింది. మరుసటి రోజు గోడ మీద వరస రాసుకున్నాడు, ఫోనులో అలారం పెట్టుకున్నాడు. ఆరో రోజు చక్కెర మరిచిపోయాడు. ఎవరో నవ్వితే గ్లాసు విసరబోయి ఆగాడు. ఆగాడు, అది రాసుకున్నాం పుస్తకంలో. మూడో వారానికి టీ వచ్చింది. కషాయంలా ఉంది, తాగాం.

ఇదంతా నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గుండు దెబ్బలు తగిలిన జర్మన్ సైనికుల కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టీన్ చికిత్సతోపాటు పనిశాలలు కూడా నడిపాడు. అంత దూరం ఎందుకు, మన రాయవేలూరు ఉంది. చిత్తూరు జిల్లా వాళ్లకు అది పక్క ఊరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలికి 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కిందంతా చచ్చుబడింది. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం చదివింది. 1966లో వేలూరు శివారు బాగాయంలో రోగులు ఉండి నేర్చుకునే పునరావాస కేంద్రం తెరిచారు. అక్కడ రోగితోపాటు ఇంటి మనిషి కూడా ఉంటారు. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. నేర్చుకోవలసింది ఇద్దరు.

ఇక్కడ నాకు ఇష్టం లేని నిజం ఒకటి చెప్పాలి. “అయితే ఇంటి మనిషికే నేర్పి పంపించేయవచ్చు కదా, కేంద్రం ఎందుకు?” అని అడగవచ్చు. మన దేశంలోనే ఆ ప్రయోగం చేశారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది స్ట్రోక్ రోగులు. సగం మంది కుటుంబాలకు ఆసుపత్రిలో శిక్షణ మొదలుపెట్టి, ఇంటికి వెళ్లాక కూడా కొన్నిసార్లు వచ్చి నేర్పారు, మిగిలిన సగం మందికి మామూలు వైద్యం. ఫలితం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తరువాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు జట్లలోనూ వందకు 47 మంది. తేడా లేదు. దీన్ని బట్టి మా లాంటి కేంద్రాలు గొప్పవని రుజువైపోయిందా? కాలేదు, ఆ ప్రయోగం మా గురించి కాదు. నేను అందులో చదువుకున్నది వేరు. మనిషిని ఎలా లేపాలో వార్డులో చూపించి, ఇంటికి కొన్నిసార్లు వచ్చి చూస్తే సరిపోదు. వార్డులో మంచం ఎత్తు వేరు, నేల వేరు, పక్కన నర్సు ఉంది. ఇంట్లో నవారు మంచం ఉంది.

అందరికీ మజిలీ అవసరమా? అవసరం లేదు. స్వల్పంగా వచ్చి, లేచి నడవగలిగి, ఇంట్లో ఇద్దరు మనుషులు ఉండి, ఇంటికి వచ్చే మంచి థెరపీ బృందం ఉంటే ఇల్లే మేలు. విదేశాల్లో పరిశోధనలు కూడా అదే చెబుతున్నాయి. అలాంటివాళ్లు వస్తే నేనే వెనక్కి పంపిస్తాను. మా యజమానికి నచ్చదు, అది వేరే విషయం.

పేరులో పునరావాసం ఉన్న ప్రతి చోటూ మజిలీ కాదని కూడా చెప్పాలి. చాలాచోట్ల చేస్తున్నది ఏమిటి? వరసగా మంచాలు, డైపర్లు, గొట్టంతో ఆహారం, పొద్దున గంట ఫిజియో. అది నర్సింగు. అవసరమే, కాని మీరు డబ్బు కట్టింది దానికి కాదు. చూడటానికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో కూర్చోకండి, వంటగది ఎక్కడుందో అడగండి. రోగులు అందులోకి వెళతారా, గరిటె పట్టుకుంటారా అడగండి. నీళ్లు తాగితే పొలమారే మనిషికి ఏం చేస్తారో అడగండి. చిక్కటి జావ ఇస్తారో, ఎలా కూర్చోబెడతారో చెప్పగలగాలి. పంపించే ముందు మా ఇల్లు చూస్తారా అని అడగండి, కనీసం ఫొటోలైనా. గడప ఎత్తు, బాత్రూము తలుపు వెడల్పు, ఇండియన్ టాయిలెట్టా కాదా. “పూర్తిగా నయం చేస్తాం” అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గర మాత్రం కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. ఖర్చే. చాలా బీమా పాలసీలు పుర్రె తెరిచి ఆపరేషన్ చేస్తే లక్షలు ఇస్తాయి, ఆ మనిషికి చొక్కా తొడుక్కోవడం నేర్పితే పైసా ఇవ్వవు. ప్రాణం నిలిపే వైద్యానికి లెక్క ఉంది, ఆ ప్రాణంతో ఏం చేయాలో నేర్పే వైద్యానికి లెక్క లేదు. దీని మీద మీరు గట్టిగా అడగాలి. జిల్లా ఆసుపత్రి ఆవరణలో ఒక వంటగది, నాలుగు గదులు, ఇద్దరు ముగ్గురు థెరపిస్టులు అంటే కొండ మీద కోతిని అడిగినట్టేమీ కాదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మా కేంద్రం వెనక చిన్న ఇల్లు ఒకటి ఉంది. ఒక గది, వంటిల్లు, మామూలు బాత్రూము, కావాలని కట్టిన గడప. వెళ్లిపోయే ముందు రోగీ ఇంటి మనిషీ రెండు రాత్రులు అందులో ఉండాలి. మేము లోపలికి వెళ్లం. గంట కొడితేనే వస్తాం. మాస్టారూ ఆయన భార్యా కూడా ఉన్నారు. పొద్దున నేను పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వెళితే తలుపు తీసి ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నాలుగో గుండీ దగ్గర ఉన్నాడు, అది తప్పు కాజాలో పడింది, తీస్తున్నాడు. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. అవును, చేతుల మీద కూర్చుంది. నన్ను చూసి గుసగుసగా అంది, “పదకొండు నిమిషాలైందమ్మా. మధ్యలో రెండుసార్లు లేవబోయాను.” ఆయన తల ఎత్తకుండానే, వెతుక్కోకుండా, ఒకే ఒక్క మాట అన్నాడు. “కూర్చో.”

రాత్రి బాత్రూముకు ఎలా వెళ్లారని ఆవిడను అడిగాను. రెండింటికే లేచారట. గంట కొట్టలేదు.

ఇక మీ ప్రశ్నలు. ముందు ఆ కిటికీ దగ్గర కూర్చున్న అమ్మగారికి మైకు ఇవ్వండి, ఇందాకటి నుంచి చేయి ఎత్తే ఉంచారు.